ఢిల్లీలో ఒకటి, జగదల్‌పూర్‌లో ఒకటి

నా దగ్గర ఒక కడియం ఉంది. దాని జోడు ఢిల్లీలో ఉండేది. చాలా ఏళ్లు నా బతుకు ఈ రెండింటి మధ్యే నడిచిందంటే నవ్వుతారేమో. నవ్వండి.

అది మన వైపు కడియం కాదు. అఫ్ఘనిస్తాన్‌కి పైన, గొర్రెలూ గుర్రాలూ మేపుకుంటూ గుడారాల్లో తిరిగిన తుర్క్‌మెన్ జనంలో ఆడవాళ్లు ముంజేతికి పెట్టుకునేది. వెండి మీద బంగారు పూతతో ఆకులూ తీగలూ, వాటి మధ్య వరసగా అకీక్ రాళ్లు, ఎండిన రేగుపండు రంగులో. మణికట్టు దగ్గర మొదలై సగం ముంజేయి కప్పేస్తుంది. రెండు చేతులకీ రెండు ఉండాలి. ఒక్కటే చేయించుకోవడం ఆ జనంలో లేదు. అలాంటిది ఒక్కటే, జగదల్‌పూర్ స్టేషన్ దగ్గర రెండు గదుల ఇంట్లో, మా నాన్న ట్రంకుపెట్టెలో, పాత చీర ముక్కలో చుట్టి ఉంది. ఎక్కడి వెండి ఎవరి పెట్టెలోకి వచ్చిందా అని అప్పుడప్పుడు నాకే వింతగా ఉంటుంది.

మా నాన్న కిరండూల్ లైనులో గ్యాంగుమేను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇనపరాయి మోసే గూడ్సుబళ్ల పట్టాల పక్కన సుత్తి పట్టుకుని బతికాడు. ముందు అమ్మ పోయింది, తరవాత నాన్న పోయాడు. నాకు పెళ్లి మొదట కుదరలేదు, తరవాత నేను కుదరనివ్వలేదు. ఇప్పుడు నేనూ, నా తాళాలగుత్తీ. వీధిలో నా వెనక 'పురానీ చాందీవాలీ', పాత వెండి మనిషి, అంటారు. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారు. నాకు ముక్కు మీద కోపమని అందరికీ తెలుసు. ఆ మాత్రం కోపం లేకపోతే ఒంటరి ఆడదాన్ని సంతలో బేరానికి కూర్చోనిస్తారా?

ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందో చెబుతాను. అమ్మ ఉన్న రోజుల్లో ఆదివారం సంతకి వెళితే, ఒక కంసాలి ముందు ఒక ముసలామె కూర్చుని ఉంది. మెడలోంచి తీసిన వెండి కంటె అతని చేతిలో ఉంది. ఇక్కడ దాన్ని సూతా అంటారు. ఏళ్ల తరబడి మెడ మీద ఆని ఆని లోపలి వైపు అద్దంలా నునుపెక్కింది. కంసాలి తూకం వేశాడు, ఆవిడ లేచి చీర దులుపుకునే లోపలే ముక్కలు కోసి మూసలో పడేశాడు. కరిగిపోయింది. అతని తప్పేమీ లేదు, అతని పని అతను చేశాడు. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమిటే అలా చూస్తావు, పద, అని అమ్మ చెయ్యి పట్టి లాగితే గానీ కదల్లేదు.

తరవాత నా చేతికి కాస్త డబ్బు ఆడినప్పటి నుంచి అదే పని. కంసాలి ఇచ్చేదానికన్నా కొంచెం ఎక్కువిచ్చి కొంటాను. తోమను, మెరుగు పెట్టను. ఎలా వచ్చింది అలా దాచి, దాని సంగతి తెలిసినవాళ్లకి అమ్ముతాను. దొంగ పాతవి కూడా వస్తాయి. నిన్న పోత పోసినదాన్ని పొగ పట్టించి, బూటు పాలిష్ రాసి, మా నాయనమ్మది అని మొహం దీనంగా పెట్టుకుని తెస్తారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది. నలుపు ఎవడైనా తేగలడు. అరుగుదల తేలేడు. వెండి ఎక్కడ అరిగిందో చూస్తే దాన్ని పెట్టుకున్న మనిషి ఏ పని చేసిందో తెలుస్తుంది. బిందె ఏ చంకన ఎత్తుకునేదో, తిరగలి ఏ చేత్తో తిప్పేదో అంతా అందులో ఉంటుంది. ఆ మనుషులెవరూ నాకు తెలీదు, కానీ వాళ్ల చేతులు తెలుసు. ఇంతమంది చేతులు తెలిసి, పట్టుకోవడానికి ఒక్క చెయ్యి లేకపోవడం ఏమిటో అని ఒక్కో రోజు ఏడుపొస్తుంది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకు సరుకు కబురు అందించే మనిషి ఒకామె ఉంది, దక్షిణాన తెలుగు సరిహద్దు దగ్గర, దోర్నపాల్‌లో. సొంతూరు గొల్లపల్లి. బస్సులు ఆగే చోట ఎండుచేపలు అమ్ముతుంది. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లీ అంటాను. ఏ ఇంట్లో పాత వెండి అమ్మే ఆలోచనలో ఉన్నారో ఆ ఇంటివాళ్లకన్నా ముందు ఆమెకి తెలుస్తుంది. ఒకరితో దోర్లీ, ఇంకొకరితో గోండీ, కండక్టరుతో హిందీ, నాతో తెలుగు. నేను ఏటి అంటే ఆమె ఏంది అంటుంది. నా మాట ఆమెకి నవ్వు, ఆమె మాట నాకు నవ్వు. అయినా బస్సులో అంతసేపు కూర్చుని నేను అక్కడికి వెళ్లేది సగం సరుకు కోసమైతే సగం తెలుగులో తిట్టుకోవడం కోసం. ఇంట్లో నాకు తెలుగు వినేవాళ్లు లేరు. రోజంతా హిందీ, హల్బీ మాట్లాడి వచ్చి, తలుపు వేసుకున్నాక నా తెలుగు నేనే వినాలి. స్టవ్ వెలగకపోతే స్టవ్‌ని తిడతాను. అదీ మాట్లాడటమే కదా.

ఇక ఢిల్లీ ఆయన. అఫ్ఘనిస్తాన్‌లో పుట్టి, కుర్రతనంలోనే అన్నీ వదిలేసి వచ్చిన మనిషి. ఒక ఇరుకు సందులో, మేడ మీద, పాత నగల కొట్టు పెట్టుకున్నాడు. తన దేశం వైపు సరుకూ, మన దేశపు అడవుల సరుకూ రెండూ అమ్మేవాడు. నాన్న పోయాక, ఇంట్లో పోగుపడిన కంటెలు మూట కట్టుకుని, ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని నేను ఆ మెట్లెక్కాను. నన్ను కూర్చోబెట్టి, ఏలకులు వేసిన పచ్చ టీ ఇచ్చి, ఒక్కో కంటెనీ లోపలి వైపు నుంచి చూశాడు. మిగతావాళ్లు బయటి వైపు చూస్తారు. లోపలి వైపు చూసే వ్యాపారిని అంతకుముందు నేను చూడలేదు. బేరం కూడా పెద్దగా ఆడలేదు. నాకు పేచీ పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

నేను లేవబోతుండగా సంచీ భుజాన వేసుకుని ఇంకొకడు వచ్చాడు. గుడ్డ విప్పితే అందులో ఈ కడియాలు రెండు. సాయంత్రమైపోయింది, కరెంటు లేదు. కిటికీ దగ్గర ఉన్న కాస్త వెలుగులో పెట్టి ఇద్దరం చూశాం. రాళ్లు సరే, వెండి సరే, పూత సరే. తీగలు ఇందులో ఎలా వంకర తిరిగాయో అందులోనూ అలాగే తిరిగాయి. ఆయనకి ఆ రోజు రెండూ కొనే స్తోమతు లేదు. ఆయన నాకు అప్పుడే ఇచ్చిన డబ్బు నా సంచీలోనే ఉంది. నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. చెరి సగం వేసి కొనేశాం.

ఎవరి దగ్గర ఉండాలి అన్నాను. మీ దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి అన్నాడు. అమ్మితే జతగానే అమ్మాలి, ఇద్దరం ఒప్పుకుంటేనే అమ్మాలి. కాగితం లేదు, సంతకం లేదు. ఒంటి కడియానికి జత ధరలో సగం కూడా పలకదు. అంచేత ఎవరూ ఎవర్నీ ముంచలేరు. నన్ను ఎవడైనా నమ్మండి అంటే నాకు ఒళ్లు మండుతుంది. నమ్మక్కర్లేకుండా ఏర్పాటు చేసినవాడు మాత్రం నచ్చాడు.

అప్పట్నుంచి ఆదివారం ఆదివారం ఫోను. సంత ముగించుకుని, స్నానం చేసి, టీ పెట్టుకునే వేళకి మోగేది. "ఏం దొరికింది, బహెన్‌జీ?" అన్నది మొదటి మాట. దొరికినవి చెప్పేదాన్ని. ఆయన దగ్గరికి వచ్చినవి ఆయన చెప్పేవాడు. ఆ తరవాత మన జోడుకి ఫలానా వాళ్లు ఇంత ఇస్తామంటున్నారు అనేవాడు. చాలదు అనేదాన్ని. నిజమే, చాలదు అనేవాడు. ఆ బేరం అలా అయిపోయాక అసలు మాటలు మొదలయ్యేవి. వాళ్ల ఊళ్లో మంచు పడితే గొర్రెపిల్లల్ని ఇంట్లోకి తెచ్చి పొయ్యి దగ్గర పడుకోబెట్టేవాళ్లట. వాటి వాసనకి నిద్ర పట్టేది కాదట. ఇప్పుడు అది లేక పట్టడం లేదు అని నవ్వేవాడు. నేను మా నాన్న సుత్తి చప్పుడు గురించి చెప్పేదాన్ని. పట్టా మీద దెబ్బ వేసి, మోత వింటేనే ఎక్కడ వదులైందో తెలుసుకునేవాడు అంటే, అది మన వ్యాపారమే కదా అన్నాడు. ఆఖరికి ఎప్పుడూ ఒకటే మాట.

"మన జోడు భద్రమే కదా?"

"భద్రమే."

నేను ఎప్పుడూ ఆయనకి ఫోను చెయ్యలేదు. మొదట్లో, ఒంటరి ఆడదాన్ని, నేను చేస్తే ఏమనుకుంటాడో అని చెయ్యలేదు. తరవాత పొగరుతో చెయ్యలేదు. ఆ తరవాత అదే అలవాటైపోయింది. ఆయన చేస్తాడు, నేను ఎత్తుతాను. ఎత్తే ముందు రెండు మోతలు మోగనిచ్చేదాన్ని కూడా, కాచుకుని కూర్చున్నానని తెలియకూడదని. కాచుకునే కూర్చునేదాన్ని, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం నాకు మొదట్నుంచీ తెలుసు. జోడు అమ్ముడైన నాడు ఫోను కూడా పోతుంది. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, ఒక ఊరు కాదు, ఒక భాష కాదు, ఒక దేవుడు కాదు. మధ్యలో ఉన్నది రెండు వెండి ముక్కలు. అవి ఎవరి పెట్టెలోకో వెళ్లిపోతే ఆయన నాకు ఏమని చేస్తాడు? నేను ఏమని ఎత్తుతాను? అందుకే ఎంత మంచి ధర వచ్చినా ఏదో వంక పెట్టేదాన్ని. ఆయన ఎంత తొందరగా ఒప్పుకునేవాడో తలుచుకుంటే, ఆయనకీ అమ్మాలని లేదని ఇప్పుడు తెలుస్తోంది.

అందులో ఇంకో తిరకాసు ఉంది. అవి జోడు కాదు.

ఒకసారి ఆయన కడియంలో ఒక రాయి వదులైంది. బాగు చేయించాలా వద్దా అని ఫొటోలు పంపాడు, అన్ని వైపుల నుంచీ. చూస్తుంటే మనసులో ఏదో గుచ్చుకుంది. లేచి ట్రంకుపెట్టె తెరిచి నాది తీశాను. ఈ కడియం సన్నటి కొస మణికట్టు వైపు ఉంటుంది, చీలిక అరచేతి వైపు వస్తుంది. రోజూ పెట్టుకుని పిండి పిసికే ఆడదానికి, తివాచీ నేసే ఆడదానికి, చిటికెనవేలి వైపు అంచు నేలకీ బల్లకీ రాసుకుని అరుగుతుంది. కుడి చేతిదానికి అది ఒక పక్కకి వస్తే, ఎడమ చేతిదానికి రెండో పక్కకి రావాలి. నాదీ ఆయనదీ ఒకే పక్క అరిగాయి. రెండూ ఎడమ చేతివే. ఒకే కంసాలి చేసి ఉండొచ్చు, ఒకే గుంపులో తిరిగి ఉండొచ్చు. కానీ ఇద్దరు వేరు వేరు ఆడవాళ్లు వాటిని అరగదీశారు. కుడి చేతివి రెండూ ఏమయ్యాయో ఎవరికీ తెలీదు.

వెండి చూశాం, రాళ్లు చూశాం, పూత చూశాం, అరుగుదల చూడలేదు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లే చెయ్యగల తెలివితక్కువ పని అది. పక్కన తెలిసిన మనిషి కూర్చుని ఉంది కాబట్టి, ఆయన చూసే ఉంటాడులే అని నేను, ఈవిడ చూసే ఉంటుందిలే అని ఆయన. ఒంటరిగా కొని ఉంటే ఇద్దరిలో ఎవరూ మోసపోయేవాళ్లం కాదు.

ఆ ఆదివారం ఫోను మోగింది. రాయి సంగతి మాట్లాడాం. జోడు భద్రమే కదా అన్నాడు. భద్రమే అన్నాను. చెబితే ఏమవుతుంది? జోడు కానప్పుడు షరతూ లేదు, ఎవరిది వాళ్లు అమ్ముకోవచ్చు, ఎవరి దారి వాళ్లది. నేను ఎందుకు చెబుతాను?

అలా ఏళ్లు గడిచాయి. ఆయన గొంతు బొంగురుపోయింది, నా మోకాళ్లు పట్టేశాయి. ఈ మధ్య ఒక ఎండాకాలం చివర, ఎప్పటిలాగే ఏం దొరికింది అని అడగకుండా ఆయన సూటిగా మొదలుపెట్టాడు.

"కొట్టు ఖాళీ చేస్తున్నాను, బహెన్‌జీ. కళ్లు దాదాపు పోయాయి, ఈ నంబరు కూడా పక్క కొట్టు కుర్రాడు కలిపాడు. కళ్లు లేనివాడికి ఈ పని ఎందుకు? ఇక ఈ ఊళ్లోనే తమ్ముడి ఇంట్లో ఉంటాను. ఒకావిడ వచ్చింది. తుర్క్‌మెన్ నగలు పోగుచేస్తుంది. జోడు కావాలంటోంది, మంచి ధర చెప్పింది. ఈసారి చాలదు అనకండి."

నా దగ్గర ఎన్ని వంకలు ఉండేవో! ఒక్కటీ నోటికి రాలేదు. ఎప్పుడు రమ్మంటారు అన్నాను. ఫోను పెట్టేశాక టీ చల్లారిపోయి ఉంది, పారబోశాను.

ఆ వారమే దోర్నపాల్‌లో ఒక కంటె ఉందని కబురొస్తే వెళ్లాను. కంటె చూడలేదు, చెల్లి పక్కన గోనె మీద కూర్చుండిపోయాను. ఆమె అట్టముక్కతో చేపల మీద ఈగల్ని తోలుతోంది.

"ఏందక్కా, అట్ల గూసున్నవ్? ఒంట్లో మంచిగ లేదా?"

"ఢిల్లీ కడియం అమ్మేస్తున్నాం."

"మంచిదే గద. పైసలొస్తయ్."

"పైసలొస్తాయి. ఫోను రాదు."

అట్టముక్క ఆగింది. ఆదివారం ఫోను సంగతి ఆమెకి తెలుసు. చాలాసార్లు ఆట పట్టించింది కూడా.

"ఆయన చెయ్యకపోతే నువ్వు చెయ్యి," అంది.

"నేనా? నేనెందుకు చేస్తాను? ఏమని చెయ్యాలి?"

"ఏమని అంటే ఏంది? ఊరికే."

"మేం వ్యాపారస్తులం. ఊరికే చేసుకోం."

"అవునవును, శానా పెద్ద వ్యాపారస్తులు," అని మూతి తిప్పి, ఎవరో బేరానికొస్తే అటు తిరిగిపోయింది. నాకు కోపమొచ్చి, చెప్పకుండా లేచి బస్సెక్కాను. బస్సు కదిలాక చూస్తే నా సంచీలో కాగితంలో చుట్టిన ఎండుచేపలు ఉన్నాయి. ఎప్పుడు పెట్టిందో.

ఢిల్లీ ప్రయాణమంతా కడియాన్ని ఒళ్లో పెట్టుకుని ఒకటే ఆలోచన. ఆ కొనే ఆవిడకి తెలిసిన కళ్లుంటే పక్కపక్కన పెట్టగానే పసిగడుతుంది. కొట్టు మూసే రోజున, కళ్లు పోయిన మనిషిని, జోడు కానిదాన్ని జోడని అమ్మబోయాడని అంటుంది. పసిగట్టకపోతే కొనేసి తీసుకుపోతుంది. నేను నిజం చెబితే జోడు లేదు. చెప్పకపోతే కడియాలు లేవు. ఎటు తిరిగినా నాకు ఆదివారం లేదు. ఎదురు సీటులో ఒక కుటుంబం పూరీలు తింటూ నాకూ పెట్టబోయింది. వద్దన్నాను, కాస్త కటువుగానే అన్నాను. తరవాత బాధపడ్డాను.

కొట్టు సగం ఖాళీగా ఉంది, అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆయన చిక్కిపోయాడు. మందపాటి అద్దాల వెనక కళ్లు నన్ను వెతుక్కున్నాయి. నమస్తే అన్నాక నా గొంతు వైపు తిరిగి మొహం విప్పార్చాడు. ఇన్నేళ్లలో మేం ఎదురుగా కూర్చోవడం అది రెండోసారి.

కొనే ఆవిడ మర్యాదస్తురాలు. చేతులకి పల్చటి తొడుగులు వేసుకుని, నల్లటి గుడ్డ పరిచి, దాని మీద రెండూ పెట్టింది. ఆ సాయంత్రం తరవాత అవి మళ్లీ కలుసుకోవడం అదే. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. జోడు అంటే జోడే అనిపించింది నాక్కూడా. ఆవిడ రాళ్లు చూసింది, తీగలు చూసింది. చాలా సేపు చూసి, తీసుకుంటాను అంది.

అప్పుడు ఆయన చెయ్యి చాపి తన కడియం తీసుకున్నాడు. బొటనవేలు అంచు మీద మెల్లగా నడిచింది, అరిగిన చోట ఆగింది. అది కింద పెట్టి నాది తీసుకున్నాడు. బొటనవేలు వెతకలేదు, తిన్నగా వెళ్లి అదే చోట ఆగింది.

"నాకు కళ్లు కనిపించవు, బహెన్‌జీ," అన్నాడు. "మీరు చెప్పండి ఆవిడకి."

"ఏం చెప్పమంటారు?"

"మీకు తెలిసింది."

ఆయనకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. గుక్కెడు నీళ్లు తాగి, కొనే ఆవిడ వైపు తిరిగాను.

"ఇవి జోడు కాదండి. రెండూ ఎడమ చేతివే. ఈ అంచు చూడండి. ఈ అంచు చూడండి. ఇద్దరు మనుషులవి."

ఆవిడ మళ్లీ చూసింది, తల ఊపింది, చెప్పినందుకు థాంక్స్ అంది. కాసేపు ఆలోచించి, అయితే ఒకటి తీసుకుంటాను, ఆయనది, దాని రాళ్లు బాగున్నాయి అంది. ఆయన నా వైపు తిరిగి ఏమంటారు అన్నాడు. అడగాల్సిన పని లేదు. అయినా అడిగాడు. ఖాళీ చేస్తున్న కొట్టు చూశాను, అట్టపెట్టెలు చూశాను.

"ఇచ్చెయ్యండి," అన్నాను.

ఆవిడ వెళ్లిపోయాక ఆయన తడుముకుంటూ టీ పెట్టాడు. నేను సాయం చెయ్యబోతే ఒప్పుకోలేదు. అదే ఏలకుల టీ.

"మొదటి ఏడు ఎవరికో చూపించడానికి మీది ఫొటో పంపారు కదా, అప్పుడే తెలిసింది నాకు," అన్నాడు. "ఆ సరుకు మధ్య పుట్టినవాణ్ణి."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పలేదేం?"

ఇద్దరం టీ తాగాం. అక్కడ ఒక మంచి మాట అనాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఏం మాటో ఇప్పటికీ తెలీదు. నేను లేచి సంచీ సర్దుకుంటుంటే, జోడు భద్రమే కదా అని ఆయన అనలేదు. జాగ్రత్తగా వెళ్లండి అన్నాడు, అందరితో అన్నట్టే.

రాయ్‌పూర్‌లో రైలు దిగి బస్సెక్కాను. కేశ్‌కాల్ ఘాట్ మలుపుల్లో వాన మొదలైంది. ఇంటికొచ్చి తాళం తీస్తే గదిలో ముక్కిపోయిన వాసన. కడియాన్ని మళ్లీ చీర ముక్కలో చుట్టాను, ట్రంకులో పెట్టాను. ఆదివారం సంతకి వెళ్లాను, ఏమీ కొనలేదు. స్నానం చేసి, టీ పెట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగలేదు. మోగదని తెలుసు. తెలిసీ చేతిలో పెట్టుకుని కూర్చున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఫోన్ని కూడా తిట్టాను.

తరవాతి ఆదివారమూ అంతే. ఆ రోజు కడియం తీసి పెట్టుకున్నాను. కొన్నప్పటి నుంచి అది నా చేతికి ఎక్కడం అదే మొదటిసారి, సరుకు ఒంటి మీద పెట్టుకోకూడదని నా నియమం. ఎడమ చేతికి చక్కగా కూర్చుంది, నా కోసమే అరిగినట్టు. కుడి చేతికి పెట్టి చూశాను. అంచు ఎముక మీద ఒత్తుకుంది. మళ్లీ ఎడమ చేతికి మార్చుకుని, చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాను. ఒంటరితనం అలవాటైపోతుంది అంటారు. కాదు. అలవాటయ్యేది దాన్ని దాచుకోవడం. నాకు ఆ ముసలాయన గొంతు కావాలి. గొర్రెపిల్లల వాసన గురించి ఇంకోసారి చెప్పినా వింటాను. ఇందులో వ్యాపారం ఏమీ లేదు, మొదట్నుంచీ లేదు.

దోర్నపాల్ వెళ్లి చెల్లికి జరిగింది చెప్పాను. ఈసారి ఆట పట్టించలేదు. అంతా విని, "ఆయనకు కండ్లు కనబడయ్ అంటివి గద అక్కా. ఫోన్ల నీ పేరు ఎట్ల సూసుకుంటడు?" అంది.

ఆ ముక్క నాకు తట్టలేదు. ఇన్నేళ్లు అరుగుదల చూసి చేతులు గుర్తుపట్టిన దాన్ని, ఇది తట్టలేదు. పొగరు కళ్లకి అడ్డం పడితే అంతే.

ఆ ఆదివారం వాన. సంత సరిగ్గా జరగలేదు. నేను టీ పెట్టుకోలేదు, స్నానం కూడా చెయ్యలేదు. తడిసిన చీరతోనే మంచం అంచున కూర్చుని నంబరు నొక్కాను. ఎన్నో ఏళ్లుగా నా ఫోనులో ఉన్న నంబరు, నేను మొదటిసారి నొక్కుతున్నాను. మోగుతోంది. ఎత్తకపోతే బాగుండు అనిపించింది, ఎత్తకపోతే ఎలా అని కూడా అనిపించింది.

ఎవరో ఎత్తి, ఎవరో పిలిచి, ఎవరో ఆయన చేతికిచ్చారు. ముందు ఊపిరి వినిపించింది. నేను బహెన్‌జీని అన్నాను, జగదల్‌పూర్ నుంచి.

"ఏం దొరికింది?" అన్నాడు వెంటనే.

"ఏమీ దొరకలేదు," అన్నాను. "ఊరికే చేశాను."

పెట్టేశాడేమో అనుకున్నాను. మా ఇంటి రేకుల మీద వాన గట్టిగా పడుతోంది, ఫోను చెవికి ఇంకా నొక్కుకున్నాను. కాసేపటికి ఢిల్లీలో కుర్చీ ఒకటి నేల మీద లాగిన చప్పుడు వినిపించింది. ఆయన కూర్చుంటున్నాడు.